స్నాప్‌షాట్ బ్యాకప్‌కు ముందూ తర్వాతా: మెయిన్‌ఫ్రేమ్ డేటాసెట్ లెక్కలు ఎలా చూడాలి

నెలాఖరు బ్యాచ్ నడుస్తున్న ఒక రాత్రి మా స్నాప్‌షాట్ (ఒక్క క్షణంలో తీసే నకలు) జాబ్ సున్నా రిటర్న్ కోడ్‌తోనే, అంటే తప్పేమీ లేదన్నట్టే, ముగిసింది. కానీ కొన్ని సెకన్లలో తేలాల్సిన పనికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ ఫైళ్ల కోసం ఆన్‌లైన్ అప్లికేషన్ ఆగిపోయి ఉంది. జాబ్ లాగ్ ఎంత తిరగేసినా ఒక్క ఎర్రర్ లేదు. తెల్లవారుజామున తెలిసింది, టార్గెట్ వాల్యూములు, అంటే నకలు రాసే డిస్కులు, వేరే స్టోరేజ్ బాక్సులో ఉన్నాయని. అంటే స్నాప్‌షాట్ అసలు జరగలేదు. యుటిలిటీ డిస్కు మీద ముక్క ముక్కగా ఉండే ఒక్కో ట్రాకూ చదివి, రాసి, మామూలు కాపీ చేసి ఊరుకుంది. జాబ్ సబ్మిట్ చేసే ముందు రెండు స్క్రీన్లు చూసి ఉంటే ఆ విషయం ఐదు నిమిషాల్లో బయటపడేది.

హైదరాబాద్‌లో కూర్చుని రాత్రి షిఫ్టుల్లో విదేశీ బ్యాంకుల, బీమా కంపెనీల మెయిన్‌ఫ్రేములు చూసుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు. జేసీఎల్ (జాబులు నడిపే కమాండ్ల భాష), కోబాల్ నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లకు డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైలుకు పేరు) లెక్కలు చదవడం ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పరు. నాకూ చెప్పలేదు. అందుకే నేను ఏ వరసలో చూస్తానో అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఆపరేటింగ్ సిస్టం జెడ్/ఓఎస్ గురించి. కాపీ చేసే యుటిలిటీ డీఎఫ్‌ఎస్‌ఎంఎస్‌డీఎస్‌ఎస్, అంటే జేసీఎల్‌లో ఏడీఆర్‌డీఎస్‌ఎస్‌యూ అనే ప్రోగ్రాం పేరుతో మనం పిలిచేది. మాటల్లో అందరం డీఎస్‌ఎస్ అనే అంటాం. కింద ఉన్న డిస్క్ డీఎస్8000, దాని స్నాప్‌షాట్ సదుపాయం పేరు ఫ్లాష్‌కాపీ. మీ దగ్గర వేరే కంపెనీ డిస్కులుంటే కాపీ కమాండ్లు మారతాయి. కానీ కేటలాగ్ (ఏ డేటాసెట్ ఎక్కడుందో చెప్పే పట్టిక), వీటాక్ (ఒక్కో వాల్యూమ్ మీద ఏముందో చెప్పే పట్టిక) లెక్కలు చూసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఫ్లాష్‌కాపీ మొదలైన క్షణంలో డేటా ఎక్కడికీ కదలదు. ఈ ట్రాకులకు ఆ ట్రాకులు నకలు అని స్టోరేజ్ బాక్సు తన లోపల ఒక సంబంధం రాసుకుంటుంది, అంతే. అసలు బైట్లు తర్వాత వెనకాల నెమ్మదిగా కదులుతాయి, లేదా నోకాపీ అని అడిగితే సోర్స్ మారినప్పుడు మాత్రమే పాత ట్రాక్ టార్గెట్‌కు వెళ్తుంది. ఈ ఆలోచన 1990ల్లో స్టోరేజ్‌టెక్ ఐస్‌బర్గ్ డిస్కుల నాటిది. ఐబీఎం 2003లో రెండో వెర్షన్‌తో ఫ్లాష్‌కాపీని డేటాసెట్ స్థాయికి తెచ్చింది. అంతకుముందు ఫ్లాష్‌కాపీతో మొత్తం వాల్యూమే తీయాల్సి వచ్చేది. దీన్నిబట్టి మనం ముందు చూడాల్సినవి మూడు: డేటాసెట్ ఏ వాల్యూముల మీద ఉంది, అందులో నిజంగా వాడిన జాగా ఎంత, ఈ క్షణంలో దాన్ని ఎవరైనా రాస్తున్నారా.

మొదటి అడుగు: 3.4 స్క్రీన్

ఐఎస్‌పీఎఫ్ అనే మెనూ స్క్రీన్లలో 3.4కు వెళ్లి డేటాసెట్ పేరు ముందు భాగం ఇవ్వండి. ఇనిషియల్ వ్యూ దగ్గర స్పేస్ ఎంచుకుంటే ట్రాకులు, వాడిన శాతం, ఎక్స్‌టెంట్లు (డేటాసెట్ ఎన్ని ముక్కలుగా ఉందో), డివైస్ రకం కాలమ్‌లుగా వస్తాయి. టోటల్ వ్యూ అయితే వాల్యూమ్, తయారైన తేదీ, చివరిసారి తెరిచిన తేదీ కూడా ఒక్కచోటే కనిపిస్తాయి. నేను టోటల్‌తోనే మొదలుపెడతాను.

ట్రాకుల సంఖ్యను మనసులోనే సిలిండర్లలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. 3390 డిస్కులో 15 ట్రాకులు ఒక సిలిండర్, ఒక ట్రాకులో 56,664 బైట్లు, సిలిండర్‌కు 8,49,960 బైట్లు. 15,000 ట్రాకులు అని కనిపిస్తే అది 1,000 సిలిండర్లు, దాదాపు 85 కోట్ల బైట్లు.

ఇక్కడ మూడు చోట్ల కొత్తవాళ్లు తడబడతారు. వాల్యూమ్ కాలమ్‌లో మైగ్రాట్ అని ఉంటే ఆ డేటాసెట్‌ను హెచ్‌ఎస్‌ఎమ్ (వాడని ఫైళ్లను పక్కకు తరలించి, బ్యాకప్‌లు తీసే సాఫ్ట్‌వేర్) మైగ్రేట్ చేసేసింది, డిస్కు మీద మామూలు రూపంలో లేదు. స్నాప్‌షాట్‌కు అది దొరకదు, ముందు రీకాల్ చేయాలి, అంటే వెనక్కి తెప్పించాలి. దాని పక్కన ఐ అని లైన్ కమాండ్ కొట్టారో, సమాచారం చూపించడానికే రీకాల్ మొదలైపోతుంది. వందల డేటాసెట్లున్న లిస్టులో అలా వరసగా కొట్టుకుంటూ పోకండి. రెండోది, వీసామ్ (రికార్డులను ఇండెక్స్‌తో వెతకగల ఫైళ్ల పద్ధతి) క్లస్టర్ లైనులో ట్రాకులేమీ ఉండవు. దాని డేటా, ఇండెక్స్ భాగాల లైన్లు వేరుగా ఉంటాయి, వాటిలో కూడా వాడిన శాతం దగ్గర ప్రశ్న గుర్తే వస్తుంది. అది లోపం కాదు. వీసామ్ ఎంత వాడిందో వీటాక్‌కు తెలియదు, ఆ లెక్క కేటలాగ్‌లో ఉంటుంది.

మూడోది సీక్వెన్షియల్ ఫైళ్ల గురించి, దీన్ని కాస్త జాగ్రత్తగా గమనించండి. వాడిన శాతం అనేది వీటాక్‌లోని చివరి బ్లాక్ గుర్తు నుంచి వస్తుంది. ఫైలు సరిగ్గా క్లోజ్ అయితేనే ఆ గుర్తు ముందుకు జరుగుతుంది. రాసే జాబ్ మధ్యలో కూలిపోతే లోపల డేటా ఉన్నా శాతం సున్నాగా కనిపించవచ్చు. డీఎస్‌ఎస్ మామూలుగా వాడిన భాగం వరకే కాపీ చేస్తుంది. అంటే ఆ గుర్తు తప్పయితే మీ బ్యాకప్ కూడా తప్పే. మొత్తం కేటాయించిన జాగా కావాలంటే ఆల్‌డేటా అనే కీవర్డ్ ఇవ్వాలి. నిన్న 70 శాతం ఉన్న ఫైలు ఈ రోజు సున్నా చూపిస్తుంటే, ఆ ఫైలు రాసే జాబ్ లాగ్ చూడకుండా స్నాప్‌షాట్ జోలికి వెళ్లకండి.

రెండో అడుగు: వాల్యూమ్ ఏ బాక్సులో ఉంది

నన్ను ఆ రాత్రి ఏడిపించింది ఇదే. ఫ్లాష్‌కాపీకి సోర్స్, టార్గెట్ రెండూ ఒకే స్టోరేజ్ బాక్సులో ఉండాలి. వాల్యూమ్ పేరు చూస్తే అది ఏ బాక్సులో ఉందో తెలియదు. కాబట్టి జాబ్ లాగులు చూసే ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో స్లాష్ పెట్టి డిస్‌ప్లే యూనిట్ కమాండ్‌కు వాల్యూమ్ పేరు ఇవ్వండి, డివైస్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో డెవ్‌సర్వ్ క్యూడాస్డ్ కమాండ్ కొడితే వాల్యూమ్ పేరు, సిలిండర్లు, ఎస్‌ఎస్‌ఐడీ, కంట్రోలర్ (అంటే స్టోరేజ్ బాక్సు) సీరియల్ నంబర్ ఒకే లైనులో వస్తాయి. సోర్స్‌కు ఒకసారి, టార్గెట్‌కు ఒకసారి కొట్టి రెండు సీరియల్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటే అయితే ముందుకు వెళ్లండి, వేరైతే ఆగండి. ఈ ఆపరేటర్ కమాండ్లకు మీకు అధికారం లేకపోతే ఆపరేషన్స్ వాళ్లను అడగండి, ఒక్క నిమిషం పని.

టార్గెట్ వాల్యూమ్‌లో జాగా చూడటానికి మళ్లీ 3.4కే రండి. డేటాసెట్ పేరు ఖాళీగా వదిలి, వాల్యూమ్ పేరు ఇచ్చి, ఆప్షన్ దగ్గర వీ పెట్టండి. ఖాళీ ట్రాకులు, ఖాళీ సిలిండర్లు, అతి పెద్ద ఖాళీ ముక్క, వీటాక్ ఎంత నిండిందో అన్నీ కనిపిస్తాయి. మొత్తం ఖాళీ కంటే అతి పెద్ద ముక్క ఎంత ఉందో నేను ముందు చూస్తాను. 2,000 సిలిండర్లు ఖాళీ ఉన్నా అవి చిన్న చిన్న ముక్కలైతే పెద్ద డేటాసెట్ అక్కడ ఇరుక్కుంటుంది.

మూడో అడుగు: వీసామ్ అయితే లిస్ట్‌క్యాట్

వీసామ్ ఫైళ్లకు అసలు సమాచారమంతా ఇక్కడే. ఐడీక్యామ్స్ అనే కేటలాగ్ యుటిలిటీతో ఒక చిన్న బ్యాచ్ జాబ్ రాసి, లిస్ట్‌క్యాట్ కమాండ్‌లో ఎంట్రీస్ దగ్గర క్లస్టర్ పేరిచ్చి, చివర ఆల్ అని పెట్టండి. టీఎస్‌ఓలో (కమాండ్లు టైపు చేసే చోట) నేరుగా కొట్టినా వస్తుంది. కానీ స్నాప్‌షాట్ రోజున కాగితం లాంటి ఆధారం ఉండాలి, కాబట్టి బ్యాచ్‌లోనే నడిపి అవుట్‌పుట్ దాచుకోండి.

వచ్చే లైన్లు చాలా ఉంటాయి. డేటా భాగం కింద స్టాటిస్టిక్స్ అనే గుంపులో రెక్-టోటల్ మొత్తం రికార్డులు, పక్కన తీసేసినవి, చేర్చినవి, మార్చినవి, చదివినవి. స్ప్లిట్స్-సీఐ, స్ప్లిట్స్-సీఏ ఫైలు ఎంత చెల్లాచెదురైందో చెబుతాయి. ఎక్స్‌టెంట్స్ ఎన్ని ముక్కలయ్యాయో చెబుతుంది. అలొకేషన్ అనే గుంపులో హెచ్‌ఐ-ఏ-ఆర్‌బీఏ కేటాయించిన జాగా చివర, హెచ్‌ఐ-యూ-ఆర్‌బీఏ వాడిన జాగా చివర. ఈ రెండూ బైట్లలో ఉంటాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. కంట్రోల్ ఇంటర్వెల్ (వీసామ్ ఒక్కసారి చదివే ముక్క) 4,096 బైట్లయితే 3390లో ట్రాకుకు 12 పడతాయి, సిలిండర్‌కు 180, అంటే సిలిండర్‌కు 7,37,280 బైట్లు. హెచ్‌ఐ-ఏ-ఆర్‌బీఏ 73,72,80,000 ఉంటే 1,000 సిలిండర్లు కేటాయించారు. హెచ్‌ఐ-యూ-ఆర్‌బీఏ 58,98,24,000 ఉంటే 800 సిలిండర్ల వరకు వాడారు. 3.4 ప్రశ్న గుర్తు పెట్టిన చోట జవాబు 80 శాతం. అయితే ఆ 800 సిలిండర్లూ నిండా డేటానే అనుకోవద్దు, లోపల ఫ్రీస్పేస్ ఉంటుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న కంట్రోల్ ఇంటర్వెల్స్ ఎన్ని బైట్లో ఫ్రీస్పేస్ బైట్ల లైను చెబుతుంది. సగం నిండిన వాటిలోని ఖాళీ అందులో లెక్కకు రాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ స్టాటిస్టిక్స్ ఫైలు క్లోజ్ అయినప్పుడే కేటలాగ్‌లోకి చేరతాయి. సిక్స్‌లో (CICS, ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) పొద్దుటి నుంచి తెరిచి ఉన్న ఫైలుకు మధ్యాహ్నం లిస్ట్‌క్యాట్ కొడితే కనిపించేది పొద్దుటికి ముందు క్లోజ్ అయినప్పటి లెక్క. ఒకసారి నేను ఆ రెక్-టోటల్‌ను స్నాప్‌షాట్ కాపీలోని అసలు రికార్డులతో పోల్చి, కొన్ని వేల తేడా చూసి, డేటా పాడైందని అందరినీ నిద్రలేపాను. డేటాకు ఏమీ కాలేదు. నేను చూసిన లెక్క పాతది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మీరు పడకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫైలు కూలిపోయిన జాబ్ చేతిలో క్లోజ్ కాకుండా మిగిలితే కూడా ఇదే సమస్య, అప్పుడు ముందు ఐడీక్యామ్స్ వెరిఫై నడపండి, వాడిన జాగా చివర సరవుతుంది, రికార్డుల లెక్క మాత్రం సరికాదు.

డీబీ2 డేటాబేస్ టేబుల్‌స్పేసుల విషయం వేరు. అవి లీనియర్ డేటాసెట్లు, వాటికి రికార్డు అన్నదే లేదు, కాబట్టి రెక్-టోటల్ సున్నా చూపిస్తుంది. వరసలు, చివరి కాపీ తర్వాత జరిగిన మార్పులు, ఆ కాపీ ఎప్పుడు తీశారు అన్నవి డీబీ2 కేటలాగ్‌లోని సిస్‌టేబుల్‌స్పేస్‌స్టాట్స్ టేబుల్‌లో ఉంటాయి. టోటల్‌రోస్, కాపీఛేంజెస్, కాపీలాస్ట్‌టైమ్ అనే మూడు కాలమ్‌లు అడిగితే మన పనికి చాలు.

నాలుగో అడుగు: ఎవరైనా పట్టుకుని ఉన్నారా, మార్పు గుర్తు ఏమంటోంది

డిస్‌ప్లే జీఆర్‌ఎస్ కమాండ్‌లో రెస్ దగ్గర నక్షత్రం, డేటాసెట్ పేరు ఇస్తే దాన్ని పట్టుకున్న జాబుల పేర్లు, ఎవరిది షేర్డ్, ఎవరిది ఎక్స్‌క్లూజివ్ అన్నది వస్తుంది. సిక్స్ రీజియన్ కనిపిస్తే, ఫైలును అక్కడ క్లోజ్ చేయించాకే స్నాప్‌షాట్ తీయండి. ఫ్లాష్‌కాపీ డిస్కు మీదున్నదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మెమరీ బఫర్లలో ఇంకా రాయకుండా ఉన్న రికార్డులు దానికి కనిపించవు. క్లోజ్ చేసి, సెకన్లలో స్నాప్‌షాట్ తీసి, మళ్లీ ఓపెన్ చేయడం, ఈ సదుపాయం ఉన్నదే అందుకు.

సీరియలైజేషన్ (కాపీ అయ్యేదాకా వేరెవరూ రాయకుండా ఆపే పట్టు) దొరక్క జాబ్ ఫెయిలైతే చాలామంది వెంటనే టాలరేట్ ఎన్‌క్యూఫెయిల్యూర్ అని జోడించి మళ్లీ నడుపుతారు. దయచేసి ఆలోచించి చేయండి. జాబ్ అప్పుడు పాసవుతుంది, లాగ్‌లో ఏడీఆర్ 411 వార్నింగ్ మాత్రం మిగులుతుంది. ఆ కాపీ మధ్యలో ఎవరో రాస్తుండగా తీసింది కావచ్చు. దాన్ని రీస్టోర్ చేయాల్సిన రోజున ఆ వార్నింగ్ ఎవరికీ గుర్తుండదు.

మార్పు గుర్తు చూడాలంటే ఐఎస్‌ఎమ్‌ఎఫ్‌లో (స్టోరేజ్ చూసుకునే స్క్రీన్లు) డేటాసెట్ ఆప్షన్ తీసుకుని లిస్ట్ తెప్పించండి. కుడివైపుకు జరిగితే కేటాయించిన జాగా, వాడిన జాగా, వాడని శాతం, చివరి బ్యాకప్ తేదీ, ఛేంజ్ ఇండికేటర్ కనిపిస్తాయి. డేటాసెట్‌ను రాయడానికి తెరిస్తే ఆ గుర్తు పడుతుంది, హెచ్‌ఎస్‌ఎమ్ బ్యాకప్ తీశాక తొలగుతుంది. మీరు టేపుకు తీసే డంప్ జాబ్‌లో రీసెట్ అని పెడితే ఆ గుర్తును మీరే తుడిచేస్తారు, రాత్రికి హెచ్‌ఎస్‌ఎమ్ ఇది మారలేదనుకుని వదిలేస్తుంది. రెండు బ్యాకప్ పద్ధతులు ఒకే డేటాసెట్ మీద నడిచే చోట రీసెట్ ఎవరు చేయాలో ముందే మాట్లాడుకోండి.

ఐదో అడుగు: ఉత్తుత్తి పరుగు, తర్వాత అసలు పరుగు

ఏడీఆర్‌డీఎస్‌ఎస్‌యూకు పార్మ్‌లో టైప్‌రన్ ఈక్వల్స్ నోరన్ అని ఇస్తే కాపీ చేయకుండా ఏమేమి ఎంచుకుంటుందో మాత్రం చెబుతుంది. ఏడీఆర్ 801 మెసేజ్ చూడండి. ఇన్ని డేటాసెట్లలో ఇన్ని ఎంపికయ్యాయి, ఇన్నిటికి సీరియలైజేషన్ దొరకలేదు, ఇన్ని వేరే కారణాలతో పోయాయి అని అంకెలు ఇస్తుంది. మీ 3.4 లిస్టులో 42 ఉంటే ఇక్కడా 42 రావాలి. 41 వస్తే ఆ ఒక్కటి ఏదో కనుక్కోండి. చాలాసార్లు అది మైగ్రేట్ అయినదే.

అసలు జాబ్‌లో రెండు కీవర్డ్లు తప్పక చూసుకోండి. ఫాస్ట్‌రెప్లికేషన్ గురించి మీరేమీ చెప్పకపోతే కాపీ కమాండ్ ప్రిఫర్డ్ అని తీసుకుంటుంది. అంటే వీలైతే ఫ్లాష్‌కాపీ, లేకపోతే మామూలు కాపీ. మొదట్లో చెప్పిన నలభై నిమిషాల కథకు కారణం ఇదే. సమయం ముఖ్యమైన చోట రిక్వైర్డ్ అని పెట్టండి, కుదరకపోతే జాబ్ అక్కడే ఫెయిలై మీకు తెలుస్తుంది. రెండోది డీబగ్ కింద ఎఫ్‌ఆర్‌ఎమ్‌ఎస్‌జీ, దానికి డీటెయిల్డ్ అని ఇవ్వండి. ఫ్లాష్‌కాపీ ఎందుకు కుదరలేదో వాల్యూమ్ వారీగా లాగ్‌లో రాస్తుంది.

జాబ్ అయ్యాక రిటర్న్ కోడ్ చూసి వెళ్లిపోకండి. ప్రతి డేటాసెట్‌కూ ఏడీఆర్ 806 మెసేజ్ ఉందో లేదో వెతకండి, ఫాస్ట్ రెప్లికేషన్‌తో కాపీ అయిందని చెప్పేది అదే. ఏడీఆర్ 918 కనిపిస్తే ఆ డేటాసెట్‌కు ఫ్లాష్‌కాపీ వాడలేకపోయిందని అర్థం, పక్కనే కారణం కోడ్ ఉంటుంది. 806లు లెక్కపెట్టి 801లోని అంకెతో పోల్చండి. నేను ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో ఫైండ్ ఆల్ కొట్టి ఎన్నిసార్లు దొరికిందో చూస్తాను.

ఆరో అడుగు: తర్వాతి లెక్కలు

టీఎస్‌ఓలో ఎఫ్‌సీక్వెరీ కమాండ్‌కు సోర్స్ డివైస్ నంబర్ ఇస్తే ఆ డివైస్ మీద ఇంకా నడుస్తున్న ఫ్లాష్‌కాపీ సంబంధాలు ఎన్నో, గరిష్ఠంగా ఎన్ని ఉండొచ్చో చూపిస్తుంది. వెనకాల కాపీ పూర్తయితే సంబంధం దానంతటదే పోతుంది. నోకాపీ అయితే మీరు విడిపించేదాకా ఉంటుంది. ఒకే సోర్స్ ట్రాకుకు 12 టార్గెట్లకు మించి కుదరదు. పాత సంబంధాలు పోగుపడితే ఒక రోజు కొత్త స్నాప్‌షాట్ కుదరదు. టార్గెట్ నుంచి టేపుకు డంప్ తీసేవాళ్లు ఆ డంప్ కమాండ్‌లో ఎఫ్‌సీవిత్‌డ్రా పెట్టుకుంటే, డంప్ ముగియగానే సంబంధం తెగిపోతుంది.

ఇక టార్గెట్ డేటాసెట్‌కు మళ్లీ లిస్ట్‌క్యాట్ కొట్టి హెచ్‌ఐ-యూ-ఆర్‌బీఏ సోర్స్‌తో సరిపోయిందో చూడండి. ఆ తర్వాత అసలు రికార్డులే లెక్కపెట్టండి. సార్ట్ యుటిలిటీతో వచ్చే ఐస్‌టూల్‌లో కౌంట్ ఆపరేటర్‌కు ఆ ఫైలు ఇస్తే ఐస్ 628 మెసేజ్‌లో రికార్డుల సంఖ్య వస్తుంది. ఇది ఫైలు మొత్తం చదువుతుంది కాబట్టి కాపీ నిజంగా చదవగలిగే స్థితిలో ఉందని కూడా తేలుతుంది. అన్నిటికీ చేయలేకపోయినా ముఖ్యమైన రెండు మూడు ఫైళ్లకు ప్రతిసారీ చేయండి.

వందల డేటాసెట్లుంటే

అప్పుడు స్క్రీన్లు చూస్తూ కూర్చోలేం. ఐడీక్యామ్స్‌లోని డీకలెక్ట్ కమాండ్‌కు వాల్యూముల పేర్లు, అవుట్‌పుట్ ఫైలు ఇస్తే అన్ని డేటాసెట్ల లెక్కలూ రికార్డులుగా రాస్తుంది. అవుట్‌పుట్ ఫైలు వేరియబుల్ బ్లాక్డ్, రికార్డు పొడవు 644 ఇవ్వండి. డీ రకం రికార్డులో కేటాయించిన జాగా, వాడిన జాగా కిలోబైట్లలో, చివరి బ్యాకప్ తేదీ ఉంటాయి. వీసామ్‌కు తోడుగా ఏ రకం రికార్డు వస్తుంది, అందులో ఆర్‌బీఏలు, రికార్డుల సంఖ్య, స్ప్లిట్‌లు. వీ రకంలో వాల్యూమ్ ఖాళీ. క్లోజ్ కాని ఫైళ్ల గురించి పైన చెప్పిన జాగ్రత్త వీటికీ వర్తిస్తుంది, ఇవి కూడా కేటలాగ్, వీటాక్‌ల నుంచే వస్తాయి.

ఈ డీకలెక్ట్‌ను స్నాప్‌షాట్ జాబ్‌లోనే మొదటి స్టెప్‌గా పెట్టి, అవుట్‌పుట్‌ను జీడీజీలోకి (ప్రతిసారీ కొత్త వెర్షన్ చేరే ఫైళ్ల గుంపు) రాయించండి. ముప్పై జనరేషన్లు ఉంచితే నెల రోజుల లెక్క దగ్గర ఉంటుంది. పొద్దున షిఫ్ట్ దిగేముందు నిన్నటి జనరేషన్‌ను ఈ రోజుదానితో సార్ట్ చేసి పోల్చి, వాడిన జాగా సగానికి పైగా తగ్గిన డేటాసెట్ల పేర్లు తర్వాతి షిఫ్ట్ వాళ్లకు మెయిల్‌లో పెట్టండి.